జావా నేర్చుకున్నాను, బీపీవోలో చేస్తున్నాను, ఒక్క కాల్ రావడం లేదు: రెజ్యూమెలో ఏం మార్చాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2023లో ఈసీఈలో బీటెక్ పూర్తయింది. తర్వాత ఏడు నెలలు ఖాళీ. ఆ పైన అమెరికా మెడికల్ క్లెయిములు చూసే బీపీవోలో చేరి ఇప్పటికీ అక్కడే చేస్తున్నారు. సాయంత్రాలు విశాఖ ద్వారకానగర్‌లో జావా ఫుల్ స్టాక్ కోర్సు చేశారు. నెలల తరబడి అప్లై చేస్తున్నా ఒక్క కాల్ రాలేదు. టెంప్లేట్ మార్చాలా, ఏటీఎస్ (రెజ్యూమెలు వడపోసే సాఫ్ట్‌వేర్) వల్ల పోతోందా, బీపీవో ఉద్యోగం దాచేయాలా, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పినట్టు రెండేళ్ల జావా ఎక్స్‌పీరియన్స్ పెట్టేయాలా, ఖాళీ నెలల గురించి ఏం రాయాలి అని అడిగారు. పేరు, నంబరు చెరిపేసి రెజ్యూమె కూడా పెట్టారు కాబట్టి దాన్ని చూసే చెబుతున్నాను.

సూటిగా జవాబు: లోపం టెంప్లేట్‌లో కన్నా రాసిన విషయంలో ఎక్కువుంది. మీ మూడు పేజీలూ మీరు ఏమేం నేర్చుకున్నారో చెబుతున్నాయి. ఏం చేశారో చెప్పే లైన్లు రెండో మూడో ఉన్నాయి. ఒక పేజీకి కుదించండి. ప్రాజెక్టుల భాగం మొత్తం మళ్లీ రాయండి. బీపీవో ఉద్యోగాన్ని దాచొద్దు, మీకున్న బలం అదే. దొంగ ఎక్స్‌పీరియన్స్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి.

నేను మధురవాడ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జావా టీమ్ చూసుకుంటాను. మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు హెచ్ఆర్ వడపోసి పంపిన రెజ్యూమెలు చదివేదీ, మొదటి టెక్నికల్ రౌండు చేసేదీ నేనే. కాబట్టి నాకు బాగా తెలిసింది చిన్న, మధ్యతరహా కంపెనీల సంగతి. పెద్ద కంపెనీలు ఫ్రెషర్లని మూకుమ్మడిగా తీసుకునేటప్పుడు రెజ్యూమె కన్నా వాళ్ల ఆన్‌లైన్ పరీక్షే ముందు వడపోస్తుంది. అక్కడికి ఈ సలహా కొంతవరకే వర్తిస్తుంది.

ముందు మీ రెజ్యూమె ఎవరి చేతుల్లోకి వెళ్తుందో తెలుసుకోండి. ఇద్దరు చదువుతారు. మొదట రిక్రూటర్. వాళ్లకి కోడింగ్ తెలియాలని లేదు. వాళ్ల ముందు ఉద్యోగ ప్రకటన ఉంటుంది: జావా, స్ప్రింగ్ బూట్, రెస్ట్ ఏపీఐ, ఎస్‌క్యూఎల్, ఫలానా ఊరు, ఇన్ని రోజుల్లో చేరాలి. ఆ మాటలు మీ పేజీ పైభాగంలోనే కనిపిస్తే లిస్టులో ఉంచుతారు, లేదంటే తర్వాతి ఫైలు తెరుస్తారు. అర నిమిషం కూడా పట్టదు. రెండోసారి చదివేది నాలాంటివాళ్లు. ఈ మనిషిని కూర్చోబెట్టి ఏం అడగొచ్చు అని నేను వెతుకుతాను. అడగడానికి ఏమీ దొరకని రెజ్యూమెని ముందుకు పంపడం కష్టం. మీ విషయంలో నాకు నిజంగా అడగాలనిపించిన సంగతి ఒక్కటే దొరికింది, అది కూడా రెజ్యూమెలో లేదు. ఇక్కడ మీరు రాసిన ప్రశ్న చివర్లో ఉంది: "ఆఫీసులో డూప్లికేట్ క్లెయిములు పట్టుకోవడానికి ఎక్సెల్ మాక్రో ఒకటి రాశాను, టీమ్ అంతా వాడుతోంది" అన్నారు. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

మొదటి నాలుగు అంగుళాలు. మీ పేజీ "కెరీర్ ఆబ్జెక్టివ్"తో మొదలవుతోంది. సవాళ్లున్న వాతావరణంలో పనిచేస్తూ సంస్థ ఎదుగుదలకీ నా ఎదుగుదలకీ తోడ్పడాలని, అదీ విషయం. ఈ వాక్యం నా దగ్గరికొచ్చే రెజ్యూమెల్లో చాలావాటిలో అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. తీసేయండి. దాని బదులు రెండు లైన్లలో మీరెవరో చెప్పండి. రెజ్యూమె ఇంగ్లీషులోనే రాస్తారు, నేను అర్థం కోసం తెలుగులో చెబుతున్నాను: "జావా డెవలపర్. స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్‌తో ప్రాజెక్టులు చేశాను. అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిముల ప్రాసెసింగ్‌లో ఏడాదిన్నర అనుభవం ఉంది. ఉండేది విశాఖపట్నం, హైదరాబాద్, బెంగళూరు రావడానికి సిద్ధం." అంతే. పేరు కింద ఫోన్ నంబరు, మెయిల్, లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ లింకులు. గిట్‌హబ్ లింకు నొక్కితే తెరుచుకుంటోందో లేదో వేరే ఫోన్‌లో చూసుకోండి. మీరు పెట్టిన లింకులో ఒక అక్షరం తగ్గింది, నాకు పేజీ దొరకలేదని వచ్చింది, అక్షరం సరిచేశాకే తెరుచుకుంది.

స్కిల్స్ జాబితా. మీరు రాసినవి: సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, యాంగ్యులర్, స్ప్రింగ్, హైబర్నేట్, మైక్రోసర్వీసెస్, డాకర్, కుబర్నెటిస్, ఏడబ్ల్యూఎస్, మెషీన్ లెర్నింగ్, ఇంకా ఎంఎస్ వర్డ్. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొనేవాళ్లు మొప్ప ఎత్తి చూడకుండా కొనరు కదా, ఇంటర్వ్యూలో ప్రతి స్కిల్‌కీ అదే జరుగుతుంది. కుబర్నెటిస్ అని ఉంటే నేను పాడ్ అంటే ఏమిటి, డిప్లాయ్‌మెంట్ అంటే ఏమిటి అని అడుగుతాను. దానికి తడబడితే, మీకు నిజంగా బాగా వచ్చిన జావా మీద కూడా నాకు నమ్మకం తగ్గుతుంది. ఒక్కో పేరు దగ్గరా ఆగి, దీని మీద ఐదు నిమిషాలు మాట్లాడగలనా అని చూసుకోండి. మాట్లాడగలిగినవి ఉంచండి. కోర్సులో ఒక క్లాసు విన్నవి తీసేయండి. మీ విషయంలో పదిలోపే మిగులుతాయని నా అంచనా, అవి చాలు.

వాటి పక్కన చుక్కలు, శాతాల బార్లు వద్దు. "జావా 85 శాతం" అంటే దేనిలో 85? చదివేవాళ్లకి ఏమీ తెలియదు. ఇంకో చిన్న విషయం, కానీ మేం గమనిస్తాం: పేర్ల స్పెల్లింగ్. ఇంగ్లీషులో జావాస్క్రిప్ట్ ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండదు. స్ప్రింగ్ బూట్ రెండు మాటలు. గిట్‌హబ్‌లో హెచ్ పెద్ద అక్షరం. రోజూ వాడేవాళ్లకి ఇవి అలవాటుగా సరిగ్గా వచ్చేస్తాయి. తప్పు రాస్తే, వాడలేదేమో అనే అనుమానం వస్తుంది.

ఇక ప్రాజెక్టులు. మీ టైమంతా ఇక్కడ పెట్టండి. మీవి రెండున్నాయి: ఎంప్లాయీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, ఆన్‌లైన్ షాపింగ్ వెబ్‌సైట్. రెండూ కోర్సులో బ్యాచ్ మొత్తానికి ఇచ్చినవే అని చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే అవే వాక్యాలతో అవే ప్రాజెక్టులు వేరే పేర్ల మీద కూడా మాకొస్తాయి. మీరు నిజంగా కూర్చుని కోడ్ రాసి ఉండొచ్చు. కానీ చూసి రాసినవాళ్లనీ, జిప్ ఫైలు తెచ్చుకుని పేరు మార్చినవాళ్లనీ, మిమ్మల్నీ వేరు చేసే ఆధారం ఆ పేజీలో లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మేం తీసుకున్న ఒక అనకాపల్లి అమ్మాయి ఫ్రెషర్‌గా వచ్చింది. కాలేజీ పేరు పెద్దది కాదు, మార్కులు మామూలే. ఆమె ప్రాజెక్టు వాళ్ల నాన్నగారి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. ఎవరు ఎంత అరువు తీసుకెళ్లారు, ఎంత కట్టారు, అంతే. స్క్రీన్లు సాదాగా ఉన్నాయి. కానీ రెజ్యూమెలో ఒక లైను ఉంది: కొట్లో నాన్న, ఇంట్లో అమ్మ ఒకే కస్టమర్‌కి ఒకేసారి ఎంట్రీ వేస్తే ఒక ఎంట్రీ పోయి బాకీ తప్పుగా చూపించేది, టేబుల్‌లో వెర్షన్ కాలమ్ పెట్టి ఆ సమస్య తీర్చాను అని. డేటాబేస్ తెలిసినవాళ్లకి ఇది లాస్ట్ అప్‌డేట్ సమస్య, ఆమె వాడింది ఆప్టిమిస్టిక్ లాకింగ్. రెండో ఎంట్రీ సేవ్ అయ్యేటప్పుడు వెర్షన్ నంబరు అప్పటికే మారిపోయి ఉంటే జేపీఏ (జావా నుంచి డేటాబేస్‌ని వాడే పద్ధతి) దాన్ని ఆపేస్తుంది. అప్పుడు స్క్రీన్ మీద ఏం చూపించావు, అమ్మకి ఆ మెసేజ్ అర్థమైందా, వెర్షన్ బదులు రో లాక్ చేస్తే ఏమవుతుంది, ఇలా ఆ ఒక్క లైను మీదే ఇంటర్వ్యూలో సగం నడిచింది. చాలా ప్రశ్నలకి ఆమె దగ్గర జవాబుంది, ఎందుకంటే ఆ ఇబ్బంది ఆమె ఇంట్లోనే జరిగింది.

మీరు కొట్టు ఖాతాయే చేయాలని కాదు. మీ చుట్టూ ఎవరో ఒకరు రోజూ నోటు పుస్తకంలోనో వాట్సాప్‌లోనో లెక్క రాసుకుంటూ ఉంటారు. ఎంవీపీ కాలనీలో పీజీ హాస్టల్ నడిపేవాళ్లు గదుల అద్దె, కరెంటు బిల్లు పంచుకునే లెక్క. గాజువాకలో లారీల స్పేర్ పార్టుల షాపు స్టాకు. భీమిలి వైపు రొయ్యల హేచరీలో ట్యాంకుల నీటి పరీక్షల రీడింగులు. నిజంగా వాడే మనిషి ఒక్కరున్నా, మీరు ఊహించని ఇబ్బందులు వాటంతటవే వస్తాయి. రెజ్యూమెలో రాయాల్సింది ఆ ఇబ్బందులే.

రాసే పద్ధతి ఇదీ. ఒక్కో ప్రాజెక్టుకి మూడు నాలుగు లైన్లు. ఎవరి కోసం, ఏ సమస్య, మీరు ఏం కట్టారు, దేనితో, ఏం మారింది. మీ ప్రస్తుత లైను "స్ప్రింగ్ బూట్, రియాక్ట్, మైఎస్‌క్యూఎల్ వాడి వెబ్ అప్లికేషన్ డెవలప్ చేశాను" అని ఉంది. దీని బదులు ఇలా ఉండాలి: "ఆర్డర్ల రిపోర్టు లక్ష రికార్డులతో పరీక్షించినప్పుడు నాలుగు సెకన్లు పట్టింది. ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్లెయిన్ కమాండ్‌తో చూసి, తేదీ, కస్టమర్ ఐడీ మీద ఇండెక్స్ వేశాక అర సెకనుకి తగ్గింది." ఇలాంటి అంకె మీరే కొలవచ్చు, దానికి పెద్ద కంపెనీలో ఉండక్కర్లేదు. కొలవకుండా "పనితీరు 40 శాతం పెంచాను" అని మాత్రం రాయకండి. ఎలా కొలిచావు అనేది నా రెండో ప్రశ్న అవుతుంది. అంకె లేకపోతే అంకె లేకుండానే రాయండి, ఏం చేశారో స్పష్టంగా ఉంటే అది కూడా సరిపోతుంది.

గిట్‌హబ్ గురించి. మీ రెండు ప్రాజెక్టుల్లోనూ ఒకే ఒక కమిట్ (చేసిన మార్పుని గిట్‌లో నమోదు చేసే ఎంట్రీ) ఉంది, "యాడ్ ఫైల్స్ వయా అప్‌లోడ్" అని. బ్రౌజర్‌లో ఫైళ్లు లాగి వదిలితే గిట్‌హబ్ తనే పెట్టే మెసేజ్ అది. అంటే మీరు గిట్ వాడలేదని అర్థం, స్కిల్స్‌లో మాత్రం గిట్ ఉంది. పాత చరిత్రని కృత్రిమంగా సృష్టించొద్దు. ఇప్పటి నుంచి చేసే మార్పులు చిన్న చిన్న కమిట్లుగా పెట్టండి. అప్లికేషన్ ప్రాపర్టీస్ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డ్ అలాగే కనిపిస్తోంది, దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి మార్చండి, పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. ఎందుకంటే ఫైల్లోంచి తీసేసినా పాత కమిట్లో అది కనిపిస్తూనే ఉంటుంది. బిల్డ్ చేసినప్పుడు తయారయ్యే టార్గెట్ ఫోల్డర్ రిపాజిటరీలో ఉండకూడదు. రీడ్‌మీలో ప్రాజెక్టు ఏమిటి, ఎలా నడపాలి, రెండు మూడు స్క్రీన్‌షాట్లు పెట్టండి. లైవ్ లింకు ఇస్తే మంచిదే కానీ ఉచిత హోస్టింగ్‌లో కాసేపు ఎవరూ వాడకపోతే సైటు నిద్రపోతుంది, తెరుచుకోవడానికి నిమిషం దాకా పట్టొచ్చు. చూసేవాళ్లు అంతసేపు ఆగరు, అప్పుడు పనికొచ్చేవి ఆ స్క్రీన్‌షాట్లే.

బీపీవో ఉద్యోగం. దీన్ని మీరు మూడో పేజీ అడుగున, "ప్రాసెస్ అసోసియేట్" అని ఒకే లైనులో పెట్టారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు చిన్నచూపు చూస్తారని మీ భయం. కొందరు చూస్తారు, కాదనను. కానీ మీరు చేస్తున్న పని ఒకసారి చూడండి. రోజూ మెడికల్ క్లెయిములు చూస్తున్నారు. ఐసీడీ-10 డయాగ్నసిస్ కోడ్లు, సీపీటీ ప్రొసీజర్ కోడ్లు, క్లెయిము ఎందుకు తిరస్కరణ అయిందో చెప్పే డినయల్ కోడ్లు మీకు నోటికి వచ్చు. ఆసుపత్రి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లే 837 ఫైలు, అక్కణ్ణుంచి చెల్లింపు వివరాలతో తిరిగొచ్చే 835 ఫైలు ఏమిటో తెలుసు. అమెరికా హెల్త్‌కేర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలు మన దేశంలో చాలా ఉన్నాయి. అక్కడ చేరే ఫ్రెషర్‌కి జావా వస్తుంది, క్లెయిము అంటే ఏమిటో నేర్పడానికి నెలలు పడుతుంది. మీకు రెండోది ఇప్పటికే తెలుసు. ఈ బలం ఉన్న మనిషి దాన్ని అడుగున దాచుకుని, అందరి దగ్గరా ఉన్న షాపింగ్ వెబ్‌సైట్‌ని పైన పెట్టుకోవడం చూస్తే నాకు బాధనిపించింది.

ఆ మాక్రో సంగతి ఇక్కడ రావాలి. "రోజువారీ ఫైల్లో డూప్లికేట్ క్లెయిములు గుర్తించే ఎక్సెల్ వీబీఏ మాక్రో రాశాను, చేతితో చూసే పని తగ్గింది, టీమ్‌లో ఇంతమంది వాడుతున్నారు." ఎంతమందో, ఎంత టైము తగ్గిందో మీ టీమ్ లీడర్‌ని అడిగి తెలుసుకుని రాయండి. ఎవరూ చెప్పకుండా ఒక సమస్య చూసి కోడ్‌తో తీర్చారు, దాన్ని పక్కవాళ్లు వాడుతున్నారు. డెవలపర్ పని అంటే అదే. కోర్సు సర్టిఫికెట్టు కన్నా నాకు ఇది వంద రెట్లు ఎక్కువ చెబుతుంది.

ఒక జాగ్రత్త. ఆ మాక్రో ఫైలు గానీ, ఆఫీసు డేటా గానీ, స్క్రీన్‌షాట్లు గానీ గిట్‌హబ్‌లో పెట్టకండి. అవి కంపెనీవి, పైగా పేషెంట్ల వివరాలకి గోప్యత కోసం అమెరికా పెట్టిన హిపా చట్టం వర్తిస్తుంది. క్లయింట్ పేరు కూడా రాయొద్దు, "అమెరికా ఇన్సూరెన్స్ క్లయింట్" అంటే చాలు. అదే ఆలోచనతో జావాలో కొత్తగా ఒక ప్రాజెక్టు చేయండి. సింథియా అనే ఓపెన్ సోర్స్ టూల్ కల్పిత పేషెంట్ల రికార్డులు, క్లెయిములతో సహా తయారుచేసి ఇస్తుంది. ఆ డేటా తీసుకుని డూప్లికేట్లు పట్టుకునే చిన్న స్ప్రింగ్ బూట్ సర్వీసు కట్టండి. డూప్లికేట్ అని దేన్నంటారు, అదే పేషెంట్ అదే రోజు అదే ప్రొసీజర్ రెండుసార్లు నిజంగానే చేయించుకుంటే ఎలా, ఈ ప్రశ్నలు మీకు ఆఫీసులో రోజూ ఎదురయ్యేవే. మీ రెజ్యూమెలో మొదటి ప్రాజెక్టు ఇదే కావాలి. షాపింగ్ వెబ్‌సైట్ రెండోదిగా ఉండొచ్చు, ఎంప్లాయీ మేనేజ్‌మెంట్ తీసేయొచ్చు.

దొంగ ఎక్స్‌పీరియన్స్. కన్సల్టెన్సీ వాళ్లు డబ్బులు తీసుకుని ఎక్స్‌పీరియన్స్ లెటరు, పేస్లిప్పులు ఇస్తామన్నారని రాశారు. ఇది తప్పు అని చెప్పి ఆగిపోను, మీ విషయంలో ఇది ఎందుకు నిలబడదో చెబుతాను. మీ బీపీవోలో పీఎఫ్ కడుతున్నారు, అంటే మీకు యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంది. ఈపీఎఫ్‌వో సర్వీస్ హిస్టరీలో మీరు ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కొత్త కంపెనీలు అడిగే మొదటివాటిలో ఇదొకటి. మీరు జావా డెవలపర్‌గా ఉన్నానని చెప్పే తేదీల్లోనే వేరే చోట పీఎఫ్ పడుతూ కనిపిస్తుంది. ఫారం 26ఏఎస్‌లో టీడీఎస్ ఎవరు కోశారో చూసినా అంతే. దొరికితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు. చేరాక దొరికితే ఉద్యోగం పోతుంది, కన్సల్టెన్సీకి కట్టిన డబ్బు రాదు, ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో ఆ నెలల గురించి సంజాయిషీ చెప్పుకోవాలి. వెరిఫికేషన్ దాటినా, రెండేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఇచ్చే పని మొదటి వారమే మీ మీద పడుతుంది. ఇంట్లో అప్పు చేసి ఆ డబ్బు కడదామనుకుంటుంటే దయచేసి ఆగండి.

ఏటీఎస్ గురించి. యూట్యూబ్‌లో చెప్పినంత భూతం కాదు. చాలా కంపెనీల్లో అది వచ్చిన రెజ్యూమెల్ని ఒకచోట ఉంచి, రిక్రూటర్ వెతుక్కోవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్. అప్లికేషన్ ఫారంలో "ఎన్నేళ్ల అనుభవం", "ఏ ఊరు" లాంటి ప్రశ్నలకి మీరిచ్చిన జవాబుని బట్టి పక్కకి తీసేయడం జరుగుతుంది. దానికి టెంప్లేట్‌తో సంబంధం లేదు. రెజ్యూమెని అది చదవగలగాలి, అంతవరకు జాగ్రత్త పడాలి. మీ రెజ్యూమెని ఇలా పరీక్షించండి: పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. నేను మీది అలా చేస్తే ఎడమ కాలమ్‌లోని స్కిల్స్, కుడి కాలమ్‌లోని చదువు కలగలిసిపోయాయి. ఫోన్ నంబరు ఉండాల్సిన లైను అసలు రాలేదు, అది బొమ్మలో భాగమైపోయింది. ఒకే కాలమ్, మామూలు ఫాంటు, శీర్షికలు మామూలు పేర్లతో, ఫోన్ నంబరు హెడర్‌లో కాకుండా పేజీలోనే. వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో రాసి పీడీఎఫ్ చేస్తే సరిపోతుంది. తెల్ల అక్షరాల్లో కనపడకుండా కీవర్డులు నింపే చిట్కా జోలికి పోకండి. సాఫ్ట్‌వేర్ తీసిన టెక్స్టులో అది రిక్రూటర్‌కి మామూలుగానే కనిపిస్తుంది.

ఒకే రెజ్యూమె అన్ని ఉద్యోగాలకీ పంపొద్దు. మీకు రెండు చాలు: ఒకటి జావా డెవలపర్ ఉద్యోగాలకి, ఇంకోటి హెల్త్‌కేర్ డొమైన్ ఉన్న కంపెనీలకి, అందులో క్లెయిముల అనుభవం ప్రాజెక్టుల కన్నా పైన ఉంటుంది. ప్రకటనలో "రెస్ట్ఫుల్ వెబ్ సర్వీసెస్" అని ఉండి మీరు "ఏపీఐ" అని రాసుంటే, ఆ పని మీరు నిజంగా చేసి ఉంటే, వాళ్ల మాటే వాడండి.

తీసేయాల్సినవి త్వరగా చెప్పేస్తాను. ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి వివరం, ఇంటి నంబరుతో సహా చిరునామా, హాబీలు, చివర్లో "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే డిక్లరేషన్, సంతకం. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి ఇవేవీ అక్కర్లేదు. ప్రభుత్వ రంగ సంస్థలకి పెట్టేటప్పుడు వాళ్ల దరఖాస్తు ఫారంలో అడిగినవి అడిగినట్టు నింపాలి, ఆ దారి వేరు. ఆధార్, పాన్ నంబర్లు రెజ్యూమెలో ఎప్పుడూ పెట్టకండి. జాబ్ పోర్టళ్ల ద్వారా ఆ ఫైలు ఎవరెవరి చేతుల్లో పడుతుందో మీకు తెలియదు.

మార్కులు: బీటెక్, ఇంటర్ ఉంచండి, ఒక్కో లైను. సీజీపీఏని శాతంలోకి మార్చేటప్పుడు మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రమే వాడండి. మీరు 9.5తో హెచ్చించారు, అది సీబీఎస్ఈ పదో తరగతికి వాడిన లెక్క. వెరిఫికేషన్‌లో తేడా వస్తే అనవసరంగా తలనొప్పి. మార్చడం దేనికి, సీజీపీఏ ఉన్నదున్నట్టు రాయడమే మేలు. బ్యాక్‌లాగుల గురించి రెజ్యూమెలో రాయక్కర్లేదు, కానీ ఫారంలో అడిగితే నిజం చెప్పాలి.

చాట్‌జీపీటీతో రాయించొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. గ్రామర్ దిద్దించుకోండి, తప్పు లేదు. మీ ఇంగ్లీషు మీద భయం ఉంటే అది మంచి సాయం కూడా. కానీ విషయం మీరే ఇవ్వాలి. ఖాళీ చేతులతో అడిగితే అందరికీ ఇచ్చే బరువైన మాటలే ఇస్తుంది, ఫ్రెషర్ రెజ్యూమెలో "వ్యూహాత్మక నాయకత్వం వహించాను" లాంటివి వచ్చి పడతాయి. ముందు మీరు చేసింది తెలుగులోనైనా సరే, ఫ్రెండ్‌కి చెప్పినట్టు రాసుకోండి. దాన్ని చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చండి. "బిల్ట్", "ఫిక్స్‌డ్", "టెస్టెడ్" లాంటి మామూలు క్రియలతో మొదలుపెడితే చాలు.

వైజాగ్‌లోనే ఉద్యోగం కావాలన్నారు. ఇన్ఫోసిస్ 2023లో ఇక్కడ ఆఫీసు తెరిచింది, రుషికొండ కొండల మీద చిన్న కంపెనీలు కూడా ఉన్నాయి. అయినా హైదరాబాద్‌తో పోలిస్తే జావా ఖాళీలు ఇక్కడ తక్కువే. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఏఐ డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించాక, "ఏఐ" అనే మాట అర్జెంటుగా రెజ్యూమెలో చేర్చినవాళ్లు చాలామంది నాకు కనిపించారు. డేటా సెంటర్ నడపడంలో ఉండే పనులు ఎక్కువగా పవర్, కూలింగ్, నెట్‌వర్క్, హార్డ్‌వేర్ వైపువి. మీది ఈసీఈ కాబట్టి ఆ దారి మీద ఆసక్తి ఉంటే దానికి వేరే తయారీ, వేరే రెజ్యూమె కావాలి. జావా రెజ్యూమెలో దాన్ని కలపకండి. ప్రస్తుతానికి బయటి ఊళ్లకి కూడా సిద్ధమని రాసుకుంటే మీకు వచ్చే కాల్స్ పెరుగుతాయి.

పంపడం విషయంలో రెండు మాటలు. ఫైలు పేరు మీ పేరు, జావా డెవలపర్ అని ఉండాలి, మీరు పెట్టిన "న్యూ ఫైనల్ 3" వద్దు. నౌక్రీలో ప్రొఫైల్ తరచూ అప్‌డేట్ చేస్తుంటే రిక్రూటర్లకి పైన కనిపిస్తారు. నోటీస్ పీరియడ్ ఎంతో కచ్చితంగా పెట్టండి, వాళ్లు దాంతోనే వడపోస్తారు. అన్నిటికన్నా పనిచేసేది తెలిసినవాళ్ల రిఫరల్. మీ కాలేజీ సీనియర్లలో హెల్త్‌కేర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లని లింక్డ్‌ఇన్‌లో వెతికి, "అన్నా, రెజ్యూమె చూడు" అని ఊరికే ఫైలు పడేయకుండా, ఫలానా ఉద్యోగ ప్రకటన లింకు, నాకు సరిపోతుందనుకోవడానికి ఈ రెండు కారణాలు అని రాయండి. అలా రాస్తే వాళ్లు ముందుకు పంపడం తేలిక.

చివరిది, ఏడు నెలల ఖాళీ. మీ కుటుంబంలో ఒకరికి ఆరోగ్యం బాగోలేక కేజీహెచ్ ఆసుపత్రి చుట్టూ తిరిగానని రాశారు. రెజ్యూమెలో దీనికి విడిగా లైను పెట్టక్కర్లేదు. చదువు ముగిసిన నెల, ఉద్యోగంలో చేరిన నెల నిజమైనవి రాయండి, ఖాళీని కప్పడానికి నెలలు జరపకండి. ఇంటర్వ్యూలో అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి, ఇంట్లో ఒకరికి బాగోలేదు, నేను చూసుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు ఇబ్బంది లేదు అని. నేనైతే ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేయను. ఫ్రెషర్ల విషయంలో ఇంత చిన్న ఖాళీ వల్ల మా దగ్గర ఎవర్నీ ఆపలేదు.

ముందు డూప్లికేట్ క్లెయిముల ప్రాజెక్టు మొదలుపెట్టి, దాని నాలుగు లైన్లూ, బీపీవో ఉద్యోగం కింద మూడు లైన్లూ రాసి ఇక్కడే పెట్టండి. నంబరు, కంపెనీ పేరు చెరిపేయడం మర్చిపోకండి. చూసి, నేనైతే ఏ లైను మీద ఏ ప్రశ్న అడుగుతానో పక్కన రాసి చెబుతాను.